ఆదెమ్మ అప్పగింతలు

మా అంబులెన్సు వాళ్ళ క్యాలెండరు వేరు. శ్రీరామనవమికి భద్రాచలం దారిలో యాత్రికుల బండ్లు, వానాకాలంలో పాముకాట్లు, గోదావరి పొంగితే పడవల్లో నిండు గర్భిణులు, పెళ్ళిళ్ళ నెలల్లో డీసీఎం వ్యాన్లు. మిరప ఏరే రోజులొస్తే ట్రాక్టర్ ట్రాలీలు. ఏ నెలలో ఏది బోల్తా పడుతుందో పంచాంగం చూసినట్టు చెప్పేయగలను. చెప్పగలను గానీ ఆపలేను, నాకు మంట అక్కడే.

నా పేరు జయప్రకాశ్, మాది బూర్గంపాడు. అంబులెన్సు నడిపేవాణ్ణి మా దగ్గర డ్రైవరు అనరు, పైలట్ అంటారు. గాల్లోకి లేచే యోగం ఎక్కడిదని మొదట్లో నవ్వుకున్నాను గానీ, టేకులపల్లి అడవి రోడ్డు గుంటల్లో ఆ ముచ్చట కూడా తీరింది.

బండి నడపడం నా పని, వెనకాల ప్రాణం నిలబెట్టడం కళావతి పని. టేకులపల్లి అవతల అడవిలో ఉన్న ఒక కోయగూడెం పిల్ల. నన్ను జేపీ అన్నా అని పిలుస్తుంది. వయసులో నాకంటే చాలా చిన్నదే గానీ ప్రమాదం జరిగిన చోట దిగిందంటే తహశీల్దారు మీద కూడా అరిచేస్తుంది. ఒకేసారి ఎక్కువమందికి దెబ్బలు తగిలినప్పుడు ముందు ఎవర్ని చూడాలో నాకు నేర్పింది ఆమే.

"అరిచేటోళ్ళకు ఊపిరి ఉన్నట్టే అన్నా. సప్పుడు చెయ్యనోళ్ళ దిక్కు ముందు ఉరకాలె" అనేది.

ఇది ఎక్కడా తప్పదు. ఎక్కడ బండి పడినా, చుట్టుపక్కల జనం జాలిపడి గట్టిగా ఏడ్చేవాళ్ళనే మొదటి ఆటోలో ఎక్కించేస్తారు. మణికట్టు బెణికిన మనిషి ముందు ఆస్పత్రికి చేరుతుంది. కడుపులో రక్తం కారుతున్న మనిషి రోడ్డు పక్కన మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది. జాలిపడేవాళ్ళను తిట్టలేం, తిట్టకుండా ఉండలేం.

కళావతి తల్లి ఆదెమ్మ. మిరప ఏరే కూలీల ముఠాకు మేస్త్రి. ఆ గూడెంలోని ఆడవాళ్ళూ, పక్క తండా ఆడవాళ్ళూ కలిసిన ముఠా అది. రైతుతో మాట్లాడి పని ఒప్పుకోవడం, పొద్దున్నే అందర్నీ లేపి ట్రాలీ ఎక్కించడం అన్నీ ఆమే. ఘాటు తగలకుండా చీర మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, సద్దిడబ్బాలు పట్టుకుని ట్రాలీలో నిలబడిపోయే ఆడవాళ్ళను మీరూ చూసే ఉంటారు. వాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి ఆదెమ్మ.

ఒక సాయంత్రం డ్యూటీ దిగాక కళావతిని నా మోటార్‌సైకిల్ మీద గూడెంలో దింపడానికి వెళ్ళినప్పుడు ఒక వింత చూశాను. ఆదెమ్మ తన ముఠాను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఒక్కో గడప ముందు ఆగి, ఆ ఇంటి మనిషిని ముందుకు తోసి, "ఇగో, మీ మనిషి వచ్చింది" అని కేకేస్తుంది. లోపలినుంచి ఎవరో ఒకరు "ముట్టింది" అనాలి, అంటే మా మనిషి మాకు చేరిందని. ఆ మాట వినబడ్డాకే పక్కింటికి కదులుతుంది. ఒక ఇంట్లో తాగి పడుకున్న అల్లుడు ఎంతకీ పలకలేదు. ఆదెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడింది. చివరికి వాడు లేచి, కళ్ళు నలుపుకుంటూ "ముట్టింది తల్లీ, ముట్టింది, ఇగ పో" అని దండం పెట్టాడు. గూడెమంతా నవ్వింది.

"ఏందత్తా ఈ తతంగం, వాళ్ళ ఇండ్లు వాళ్ళకు తెల్వవా?" అని అడిగాను.

"మిర్చి బస్తాలు దించేటప్పుడు రైతు లెక్క సూసుకుంటడు గదా. మనుషులు బస్తాలకన్న తక్వనా? తీస్కపోయినోళ్ళే తెచ్చి అప్పజెప్పాలె."

అప్పగింతలు పూర్తయ్యేదాకా ఆమె కూర్చోదు. ఎవరు పీట వేసినా, ఎవరు చాయ్ ఇచ్చినా నిలబడే. అన్ని ఇళ్ళూ అయ్యాక ఆఖరున సొంత గడప. అక్కడ నులకమంచం మీద ఆమె భర్త జంపయ్య ఉంటాడు. చూపు సరిగా ఆనదు.

"అందరు ముట్టిన్రా?" అని అడుగుతాడు జంపయ్య.

"అందరు ముట్టిన్రు. ఇగో, నీ మనిషి గూడ వచ్చింది" అంటుంది ఆదెమ్మ.

"ముట్టింది తియ్యి. ఆకలైతంది, జల్దీ రా" అంటాడాయన, తల కూడా ఎత్తకుండా.

ముసలివాళ్ళ సరసం అలా ఉంటుందన్నమాట. ఆ రోజు కళావతి సిగ్గుపడి నన్ను తొందరగా పంపించేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున కాల్ వచ్చేటప్పటికి మేమిద్దరం టీ తాగుతున్నాం. టేకులపల్లి దాటాక అడవి రోడ్డులో కల్వర్టు దగ్గర ట్రాలీ బోల్తా, మిరప కూలీలు, చాలామందికి దెబ్బలు. రెండో బండి కూడా వెనక వస్తోందని చెప్పారు. "ఎవరి ముఠా?" అని కళావతి అడిగేలోపే అవతల ఫోన్ కట్ అయింది. బండి ఎక్కాక తల్లికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు.

"పనికి పోయేటప్పుడు ఫోన్ సంచిల ఏస్తదన్నా. ఇనవడదు" అంది. నాకు కాదు, తనకు చెప్పుకుంది. నేను సైరన్ వేసి యాక్సిలరేటర్ తొక్కాను.

కల్వర్టు కింద ఎండిపోయిన వాగులో ట్రాలీ తలకిందులుగా పడి ఉంది. ట్రాక్టరు రోడ్డు మీదే అడ్డం తిరిగి నిలిచింది. అన్నం మెతుకులు, ఆవకాయ, చెప్పులు, సద్దిడబ్బాల మూతలు ఇసుకంతా. ఈ ముఠా వెళ్తున్న చేను వెంకటనారాయణ గారిది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. ఆయన మాకంటే ముందే వచ్చి, తెల్ల పంచె నిండా రక్తంతో అటూ ఇటూ పరిగెడుతున్నారు.

"బాగా ఏడుస్తున్నవాళ్ళని కారులో మా అబ్బాయి తీసుకెళ్ళిపోయాడండీ. చూడలేకపోయాం" అన్నారు నాతో. ఆ కారు గురించి తర్వాత చాలా అనుకున్నాను.

కళావతి వాగులోకి దిగి, మాకు నేర్పిన మొదటి కేక వేసింది. "నడవగలిగినోళ్ళంత ఆ మద్దిచెట్టు కిందికి రాండ్రి!"

దెబ్బలు తగిలినవాళ్ళను జల్లెడ పట్టే పద్ధతి అది. లేచి నడిచొచ్చినవాళ్ళ చేతికి పచ్చ పట్టీ కడతాం, వాళ్ళు ఆగగలరు. కాస్త ఆలస్యమైనా తట్టుకునేవాళ్ళకు పసుపు. ఇప్పుడే తీసుకెళ్ళకపోతే దక్కనివాళ్ళకు ఎరుపు. ఇంకేం చెయ్యలేని వాళ్ళకు నలుపు. పెద్ద ప్రమాదంలో కళ్ళకు నీళ్ళొచ్చే తీరిక ఉండదు కాబట్టి రంగులు పెట్టారు.

దుమ్ములోంచి ఒక్కొక్కరే లేచి వస్తున్నారు. ఒక ముసలామెను భుజం మీద మోసుకుంటూ వచ్చింది ఆదెమ్మ. చొక్కా భుజం దగ్గర చిరిగింది, మోకాలు చీరుకుపోయింది, అంతే. కళావతి మొహంలో అప్పుడు కనబడ్డ వెలుగు నేను మర్చిపోలేను. చిన్నపిల్లలా "అమ్మా" అంది.

"నా దిక్కు ఏం సూస్తవే? నాకేం కాలే. ట్రాలీ కింద చాంది ఉన్నది, సప్పుడు చేస్తలేదు. అటు పో" అంది ఆదెమ్మ.

కళావతి తల్లి మణికట్టుకు పచ్చ పట్టీ కట్టి పరిగెత్తింది. "గాజులకు తోడు ఇదొకటి" అని నవ్వుతూ ఆదెమ్మ మళ్ళీ జనం మధ్యకు వెళ్ళిపోయింది. పేరుపేరునా పిలుస్తోంది. ఒకరికి నీళ్ళు పడుతోంది, ఒకరి తల ఒళ్ళో పెట్టమని ఇంకొకరిని కసురుతోంది. ఆమె అక్కడ ఉండడం మాకు పెద్ద అండ. నిజం చెప్పాలంటే ఆమె కూడా ట్రాలీలోంచి పడిన మనిషేనన్న సంగతి మా ఎవరికీ గుర్తులేదు.

చాంది తండా పిల్ల. దేవ్లా కోడలు, బిచ్యా భార్య. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ట్రాలీ అంచు కింద ఛాతీ ఇరుక్కుపోయింది. నలుగురం పట్టి లేపి బయటికి లాగితే పెదాలు నీలంగా ఉన్నాయి, ఛాతీ ఒక పక్కే కదులుతోంది. కళావతి ఎర్ర పట్టీ కట్టింది. స్ట్రెచర్ మీద చాందిని ఎక్కించాం. పక్క బెంచీ మీద తొడ విరిగినామె, కింద తలకు దెబ్బ తగిలినామె. బండి నిండిపోయింది. చాంది సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతోంది. మూతి మీద మాస్కు పెట్టి, దానికున్న సంచిని చేత్తో పిసుకుతూ కళావతే ఊపిరి అందిస్తోంది.

నేను వెనక తలుపు వెయ్యబోతుంటే కళావతి బయటికి చూసి ఆగిపోయింది.

"అన్నా, అమ్మ కూసున్నది."

చూశాను. ఆదెమ్మ మద్దిచెట్టు మొదట్లో కూలబడి, వీపు చెట్టుకు ఆనించి ఉంది. "అలసిపోయి ఉంటది, కూసోనీ" అన్నాను.

"లేదన్నా. మందినంత అప్పజెప్పకముందు అమ్మ కూసోదు. ఎన్నడు కూసోలే."

నన్ను లోపలికి లాగి, సంచి నా చేతిలో పెట్టి కిందికి దూకింది. నేను సంచి పిసుకుతూ తలుపులోంచి చూస్తున్నాను. తల్లి నాడి పట్టుకుంది, కనురెప్ప లాగి చూసింది, కడుపు మీద చెయ్యి వేసి నొక్కింది. ఆదెమ్మ మూలిగింది. కళావతి పచ్చ పట్టీ తెంపేసి ఎర్రది కట్టింది. ముడి పడకపోతే పళ్ళతో లాగి బిగించింది.

"ఎర్రదంటే ముందుగాల ఎక్కేటోళ్ళకు గదనే?" అంది ఆదెమ్మ.

"అవ్. లెవ్వు. ముందల అన్న పక్క సీట్ల కూసుందువు, లెవ్వమ్మా."

"నా మనుషులు ఇంక ఈడ్నే ఉన్నరు. ఆళ్ళను అడివిల ఇడిసి నేనెట్ల వస్తనే?"

"అమ్మా, నీ కడుపుల రక్తం కారుతంది. నీ కాళ్ళు మొక్కుత, లెవ్వు."

"రెండో బండి వస్తది గదా. అందర్ని ఎక్కించి అండ్ల వస్త. నీ కూతురు డ్యూటీల ఉండి నిన్ను ముందుగాల ఎక్కించుకున్నదని ఎవరన్న అంటే, రేపు నేను ఎవరి గడప ముందల నిలవడాలె?"

కళావతి ఆమె చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఆదెమ్మ చెట్టు వేరు పట్టుకుంది. వదలలేదు. మిరప చేలల్లో బతుకంతా వంగిన మనిషి, ఆ పట్టు విడిపించడం కళావతి వల్ల కాలేదు. లోపల చాంది గొంతులోంచి గురక వచ్చింది. నేను ఎంత పిసికినా సంచి గట్టిపడుతోంది, గాలి లోపలికి పోవడం లేదు.

"కళావతీ! ఈ పిల్ల పోతాంది!" అని అరిచాను. అరవక తప్పలేదు.

"పో బిడ్డా" అంది ఆదెమ్మ. "దేవ్లా గడప ముందల నిలవడి ఆ పిల్లను తోల్కొచ్చింది నేనే. ఆళ్ళకు ఏమని చెప్పాలె? పో."

కళావతి నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది. ఆ ఒక్క చూపుకే ఆమె మొహం ముసలిదైపోయింది. తర్వాత బండెక్కి నా చేతిలోంచి సంచి లాక్కుని "పోనియ్ అన్నా" అంది. వెంకటనారాయణ గారిని చూసి "సార్, మీ కారు రాంగనే మా అమ్మను ఎక్కించుండ్రి, గుంజుకపోయైనా సరే ఎక్కించుండ్రి" అని అరిచింది. ఆయన తల ఊపారు. ఆయన కారు అప్పటికి కొత్తగూడెం ఆస్పత్రి ముందు ఉంది. గట్టిగా ఏడ్చినవాళ్ళను దించుతోంది.

దారి పొడవునా కళావతి తల్లి పేరెత్తలేదు. సిగ్నల్ తగిలినచోట రెండో బండిలోని సుజనకు ఫోన్ చేయించింది. నా ఫోన్ స్పీకర్‌లో పెట్టి, సీటు వెనక కిటికీలోంచి ఆమెకు వినబడేలా పట్టుకున్నాను. "మద్దిచెట్టు కింద ఎర్ర పట్టీ ఉన్నది సుజనా, పేరు ఆదెమ్మ. ఆమెను మొదలు ఎక్కించు. ఇననంటది, ఇనకు" అని చెప్పింది. అమ్మ అని మాత్రం చెప్పలేదు.

సుజన వినలేదనడానికి వీల్లేదు. తర్వాత ఏడుస్తూ తనే చెప్పింది. రెండో బండి చూడగానే ఆదెమ్మ చెట్టు పట్టుకుని లేచి నిలబడిందట. ఎర్ర పట్టీని చొక్కా చెయ్యి కిందికి దోపుకుందట. సుజన "ఆదెమ్మ ఎవరు?" అని అడిగితే, కాలు విరిగి మూలుగుతున్న ఒకామెను చూపించి "గామెనే, జల్దీ ఎక్కించుకో" అందట. ముఠావాళ్ళకు మేస్త్రి మాటే మాట, ఎవరూ కాదనలేదు. వెంకటనారాయణ గారు దాహం అన్నవాళ్ళకు నీళ్ళు తేవడానికి వెళ్ళారు, ఆ సమయానికి అక్కడ లేరు. అందర్నీ ఎక్కించాక ఆఖరున ఆదెమ్మ ఎక్కి, తలుపు పక్కనే కింద కూర్చుంది. "అందరు ఎక్కిన్రా?" అని ఒకసారి అడిగింది. ఎక్కారని ఎవరో చెప్పారు. కాస్త దూరం పోయాక తల సుజన మోకాలి మీద వాలిపోతే, అప్పుడు చొక్కా చెయ్యి జరిగి పట్టీ కనబడింది.

చాందిని డాక్టర్ల చేతిలో పెట్టి కళావతి గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేసరికి రెండో బండి లోపలికి వస్తోంది. సుజన దిగి పక్కకు తప్పుకుంది. కళావతి లోపలికెక్కి తల్లి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలెట్టింది. డాక్టరు వచ్చి భుజం పట్టుకుని ఆపేదాకా నొక్కుతూనే ఉంది.

బయటికి చుక్క రక్తం లేదు, అంతా కడుపులోనే అయిపోయిందని చెప్పారు. ముందు తెచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. నేను అడగకుండా ఉండాల్సింది. "ఏమో, చెప్పలేం" అన్నాడు డాక్టరు. నిజాయితీగల మాటే, కానీ ఆ 'ఏమో' మనిషిని బతకనివ్వదు. చావనివ్వదు.

"పచ్చది నేనే కట్టిన అన్నా" అంది కళావతి.

"ఎర్రది కూడ నువ్వే కట్టినవ్" అన్నాను. విన్నదో లేదో తెలియదు. ఆ ప్రమాదంలో ఆదెమ్మ తప్ప ఇంకెవరూ పోలేదు. చాందిని మాత్రం ఆపరేషన్‌కు ఖమ్మం పంపించారు.

మర్నాడు పోస్టుమార్టం అయ్యేసరికి ఎండ వాలింది. చిన్న దెబ్బలవాళ్ళను కూడా అప్పుడే ఇంటికి పంపారు. కాళ్ళు విరిగినవాళ్ళూ, తలకు దెబ్బ తగిలినామే ఆస్పత్రిలోనే ఉన్నారు, వాళ్ళ ఇంటివాళ్ళు అక్కడికే వచ్చి చూసుకుంటున్నారు. ట్రాలీ ఎక్కమంటే ఆడవాళ్ళు వణికారు. వెంకటనారాయణ గారు ఒక స్కూలు వ్యాను మాట్లాడి పంపారు. ముందు ఆదెమ్మను తీసుకెళ్తున్న బండి, వెనక వ్యాను. నేను డ్యూటీ లేకపోయినా కళావతి పక్కన కూర్చున్నాను.

తండా మొదట్లో కళావతి బండి ఆపించింది. "ఏం చేస్తవ్?" అంటే, "అమ్మ పని అయిపోలే అన్నా" అంది.

దిగి, వ్యానులోంచి ఒక్కొక్కరినీ దింపి, వాళ్ళ వాళ్ళ ఇళ్ళ ముందుకు నడిపించుకుంటూ వెళ్ళింది. "ఇగో, మీ మనిషి వచ్చింది." కట్లు కట్టుకున్న ఆడవాళ్ళు తల వంచుకుని ముందుకు జరుగుతున్నారు. లోపలినుంచి ఏడుపులోనే "ముట్టింది" అంటున్నారు. దేవ్లా ఇంటి ముందు ఉత్త చేతులతో నిలబడింది.

"మామా, మీ మనిషిని తేలే. ఖమ్మంల ఉన్నది" అంది.

ముసలి దేవ్లా ఫోన్ తీసి కొడుక్కు కలిపాడు. బిచ్యా గొంతు అందరికీ వినబడింది. "కండ్లు తెరిసింది అక్కా. నన్ను గుర్తువట్టింది. ముట్టింది అక్కా, మా మనిషి మాకు ముట్టింది" అని బావురుమన్నాడు. దేవ్లా కళావతి తల మీద చెయ్యి పెట్టాడు.

గూడెంలోనూ అలాగే. తాగుబోతు అల్లుడి ఇల్లు కూడా వచ్చింది. ఆ రోజు తాగలేదు. కళావతి కేక వెయ్యకముందే గడప బయటికొచ్చి "ముట్టింది" అని మొహం కప్పుకున్నాడు.

ఇక ఒక్క ఇల్లే మిగిలింది. బండి వెనక తలుపు తెరిచి ఆదెమ్మను దింపి, గడప ముందు పెట్టాం. అప్పగించినవాళ్ళంతా ఇళ్ళలో ఉండకుండా వెనకే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. జంపయ్య మంచం మీద లేడు. తలుపుచెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడి ఆమెకు ఎదురు రావడం నేను చూడడం అదే మొదలు.

"అందరు ముట్టిన్రా?" అన్నాడు.

"అందరు ముట్టిన్రు, నాయినా."

"తండా పిల్ల?"

"చాంది గూడ ముట్టింది."

ఆయన తల ఊపాడు. కళావతి చీర కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసి, తల్లి నిలబడే చోట సరిగ్గా నిలబడి అంది. "ఇగో నాయినా, నీ మనిషి వచ్చింది."

జంపయ్య తడుముకుంటూ కిందికి వంగి, గుడ్డ మీద చెయ్యి వేశాడు. భుజం తడిమాడు, మోచెయ్యి తడిమాడు, గాజులు దొరికాయి. గాజుల పక్కన ఎవరూ విప్పని ఎర్ర పట్టీ ముడి దొరికింది. దాన్ని వేళ్ళతో తిప్పి తిప్పి చూశాడు. కళావతి ఆ ఒక్క మాట కోసం చూస్తోంది. ఆ మాట వినబడకుండా ఆదెమ్మ ఏనాడూ లోపల అడుగుపెట్టలేదు.

"ముట్టలే బిడ్డా" అన్నాడు జంపయ్య. "నాకు ముట్టలే."

చీకటి పడేదాకా కళావతి ఆ గడప ముందు నిలబడే ఉంది. ఎవరెవరో పీటలు తెచ్చి వేశారు. కూర్చోలేదు.